బుడమేరు మునకకు బాధ్యులు ఎవరండీ? 60 గజాలు కొనుక్కున్న నేను కూడానా?

ప్రశ్న — కుట్టుమిషన్ అక్క, సింగ్‌నగర్

అందరికీ నమస్కారమండీ. మాది విజయవాడ, సింగ్‌నగర్ వైపు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మొన్న మా చెల్లెలి గృహప్రవేశానికి వెళ్తే, భోజనాల దగ్గర ఒక పెద్దాయన అందరూ వినేలా అన్నారు: "వాగులో ఇళ్లు కట్టుకున్నారు, వాగు వచ్చింది. ఇక ఎవరిని తిట్టుకుంటే ఏం లాభం?" ఆయనకు నేను సింగ్‌నగర్ అని తెలీదు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఆ రాత్రి నుంచి అదే ఆలోచన. అందుకే అడుగుతున్నాను.

ముందు బుడమేరు వాగు పొంగి మా ఇళ్లు ఎలా మునిగాయో చెప్తాను. 2024 ఆగస్టు 31 శనివారం పగలంతా వాన. మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడ్డాయని టీవీలో చూసి అయ్యో అనుకున్నాం. మా మీదికి కూడా వస్తుందని ఊహించలేదు. రాత్రి మామూలుగా పడుకున్నాం. ఆదివారం తెల్లవారుజామున బాత్రూం గొట్టంలోంచి గుడగుడమని చప్పుడు. మా ఆయన లేచి లైటు వేస్తే గొట్టంలోంచి నల్లటి నీళ్లు పైకి తన్నుతున్నాయి. గుమ్మం బయట ఇంకా నీళ్లు లేవు. గోనెసంచి కుక్కాం. పది నిమిషాలకు గుమ్మం తడిసింది, అరగంటకు మోకాలు. మిషన్‌ను మంచం మీదికి ఎక్కించాం. తర్వాత మంచమే తేలింది.

పిల్లలనీ అత్తయ్యనీ తీసుకుని ఎదురింటివాళ్ల మేడ ఎక్కాం. ఆరు రోజులు అక్కడే ఉన్నాం. పడవలు, డ్రోన్లు, పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, అన్నీ వచ్చాయి, లేదనను. వచ్చిన పిల్లలు నడుం లోతు నీళ్లలో నడిచి ఇచ్చారు, వాళ్లకు రెండు చేతులెత్తి దండం పెడతాను. కానీ శనివారం రాత్రి ఒక్క మైకు వచ్చి ఉంటే? పైన వెలగలేరు దగ్గర వాగు షట్టర్లు ఎత్తారనీ, వాగు నీటిని మళ్లించే డైవర్షన్ కాలవకు మూడు చోట్ల గండ్లు పడ్డాయనీ మాకు తర్వాత పేపర్లో తెలిసింది. మా వీధికి ఎవరూ వచ్చి చెప్పలేదు.

నీళ్లు తీశాక ఇంట్లోకి వెళ్తే గోడ మీద దేవుడి క్యాలెండర్ సగం దాకా చార ఉంది. ఇప్పటికీ ఉంది, రెండుసార్లు సున్నం వేసినా పైకి తేలుతోంది. గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు కాబట్టి 25 వేలు పరిహారం ఇచ్చారు, తీసుకున్నాను.

ఇప్పుడు నా సంగతి. ఆ రోజు నా దగ్గర వినాయక చవితికి ఇవ్వాల్సిన జాకెట్లు 14 ఉన్నాయి. ఫాల్ కుట్టడానికి ఇచ్చిన పట్టుచీరలు మూడు. జాకెట్లలో రెండు మగ్గం వర్క్‌వి. అన్నీ ఒండ్రులో నానిపోయాయి. పచ్చ పట్టుచీర రంగు పక్క చీరకు దిగింది. ఉతికాను, నిమ్మకాయ పెట్టాను, డ్రైక్లీనింగ్‌కు ఇచ్చాను, ఆ వాసన పోలేదు. చాలామంది "వరద కదమ్మా, నువ్వేం చేస్తావ్" అన్నారు. ఇద్దరు మాత్రం ఏమీ అనకుండా నిలబడ్డారు. వాళ్లవి పెళ్లి చీరలు. నేను ఆ 25 వేలలోంచీ, తర్వాత చీటీ పాడీ, చీరలకూ వర్క్ జాకెట్లకూ డబ్బు కట్టాను. వరద నేను తేలేదు, నిజమే. కానీ ఆ బట్ట నా చేతికి ఇచ్చారు. నా ఇంట్లో ఉండగా పోయింది. పైన అలమరలో పెట్టి ఉంటే రెండు అయినా మిగిలేవి. కింద బుట్టలో పెట్టింది నేనే.

మరి బుడమేరు ఎవరి చేతిలో ఉందండీ? నా జాకెట్లకు నేను జవాబు చెప్పినట్టు, ఆ వాగుకు ఎవరు చెప్పాలి? స్థలం మేము 2009లో కొన్నాం. పుస్తెలతాడు కుదువ పెట్టి కొన్నాం. లేఅవుట్ వేసినాయన రోడ్డు చూపించాడు, కరెంటు స్తంభం చూపించాడు. డాక్యుమెంటు రిజిస్టర్ అయింది, ఇంటి పన్ను వేశారు, మీటరు ఇచ్చారు, కుళాయి ఇచ్చారు. ఏ ఒక్కరూ ఇది నీళ్ల దారి అనలేదు. అయినా తప్పు నాదే అయితే నాదే అని ఒప్పుకుంటాను. కానీ ఎంత నాది, ఎంత ఎవరిది? తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ వద్దు, ప్లీజ్.


జవాబు 1 — కాలవగట్టు (రిటైర్డ్ లస్కర్)

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నేను కాలవల మీద లస్కరుగా, అంటే కాలవలూ కట్టలూ కాపలా చూసే పనివాడిగా, ముప్పై ఏళ్లు పనిచేసి దిగినవాణ్ని. ఏ సెక్షనో రాయను. తెలిసింది చెప్తాను.

బుడమేరు మైలవరం వైపు కొండల్లోంచి వచ్చి కొల్లేరులో కలిసే వాగు. ఏడాదిలో ఎక్కువ రోజులు పశువులు దాటిపోయేంత నీరే. ఊరివాళ్లు దాన్ని మరిచిపోయేది అందుకే. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరద నీటిని డైవర్షన్ ఛానల్ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. ఆ కాలవ పట్టలేనంత వస్తే షట్టర్లు ఎత్తి పాత వాగులోకి వదలాలి. పాత వాగు దారి ఎటంటే మీ వైపే. అక్కణ్నుంచి ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలవ కింద నుంచి యూటీలో, అంటే అండర్ టన్నెల్‌లో, దూరి కొల్లేరుకు పోవాలి.

ఇందులో ఒక తిరకాసు ఉంది. కృష్ణకు కూడా అప్పుడే వరద వస్తే డైవర్షన్ నీళ్లు నదిలో కలవలేవు. నది ఎత్తులో ఉంటే కాలవ నీళ్లు ఎదురు తంతాయి. అప్పుడూ కృష్ణ వరద పెరుగుతూ పోయింది. సెప్టెంబరు 2న బ్యారేజీ నుంచి వదిలింది 11 లక్షల 43 వేల క్యూసెక్కులు, బ్యారేజీ పుట్టాక అంత ఎప్పుడూ లేదు. అంతకు ముందు పెద్దది 2009 అక్టోబరుది. ఆ వరద పెరిగేటప్పుడే కాలవ నిండి నిలబడిపోయింది, కట్ట నానింది, కవులూరు దగ్గర తెగింది. గండ్లు పూడ్చడానికి మిలిటరీవాళ్లు కూడా వచ్చారు. మూడోది పూడేసరికి సెప్టెంబరు 7, చవితి రోజు.

వాన ఎవరూ ఆపలేరు. కట్ట మాత్రం మనిషి చేతిలో ఉంది. కట్ట రాత్రికి రాత్రి తెగదమ్మా. ముందు ఎలకబొరియ పడుతుంది. తర్వాత తడి మచ్చ కనిపిస్తుంది. తర్వాత కట్ట అవతలి పాదం దగ్గర నీరు ఊటలా వస్తుంది. ఆ నీరు తేటగా ఉంటే ఇంకా టైముంది. బురదగా ఉంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. ఇదంతా కట్ట మీద నడిచేవాడికి కనిపిస్తుంది. మేం చేరినప్పుడు మైళ్ల లెక్కన మనిషి ఉండేవాడు, టార్చీ, గొడ్డలి, గోనెసంచులు ఉండేవి. రిటైరైన వాళ్ల చోట మళ్లీ వేయలేదు. ఒక్కడికి మూడు నాలుగు బీట్లు ఇచ్చారు. వాడు మోటార్ సైకిల్ మీద పోతూ చూస్తాడు. బండి మీంచి తడి మచ్చ కనిపించదు.

ఇంకొకటి నా మనసులో ఉన్నది. గుర్రపుడెక్క తీశామని కొలత పుస్తకంలో రాసిన పొడవూ, నేను గట్టు మీద నడిచి చూసిన పొడవూ ఒకటి కాని సంవత్సరాలు ఉన్నాయి. నాకు తెలుసు. పిల్లలున్నారు, ఉద్యోగం పోతుందని నోరు మెదపలేదు. మీది ఆ కాలవ కాదు, వేరే కాలవ. అయినా నువ్వు జాకెట్లకు డబ్బు కట్టానని రాసింది చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.


జవాబు 2 — స్ట్రెయిట్‌గా చెప్తా

తప్పు జనానిదే. ఓటుకు రెండు వేలు తీసుకుంటాం, తర్వాత కాలవ ఎందుకు తవ్వలేదని అడుగుతాం. కాలవలో ప్లాస్టిక్ కవర్లు పడేసేది ఎవరు? చెరువులో ప్లాటు చవగ్గా వస్తోందంటే ఎగబడి కొనేది ఎవరు? హైదరాబాద్‌లో 2020 అక్టోబరులో కాలనీలు మునిగాయి, అవి చాలావరకు ఒకప్పటి చెరువు భూములే. నాయకులు పైనుంచి ఊడిపడరు, మనలోంచే వస్తారు. దేశం ఇలా ఉందంటే మనం ఇలా ఉన్నాం కాబట్టే.


జవాబు 3 — కుట్టుమిషన్ అక్క (అడిగినవారు)

తమ్ముడూ, కవర్ల సంగతి ఒప్పుకుంటాను. మా వీధి చివర కాలవలో కుట్టు ముక్కలు నేను కూడా వేశాను, ఇప్పుడు మానేశాను. ఓటు డబ్బు మా ఇంట్లో తీసుకోలేదు, కానీ తీసుకున్న ఇళ్లు తెలుసు. అయితే ఆ డబ్బు ఇచ్చినవాడు కూడా ఉంటాడు కదా, అతని పేరు నీ లెక్కలో ఎందుకు లేదు?

"మనమందరం" అంటే వినడానికి పెద్ద మాటలా ఉంటుంది. కానీ అందరిదీ అంటే మా అత్తయ్యా, లేఅవుట్‌కు సంతకం పెట్టిన ఆఫీసరూ ఒకే వరసలో నిలబడతారు. మా అత్తయ్యకు ఆ రోజు నీళ్లలో బీపీ మాత్రలు పోయాయి. ఆ ఆఫీసరుకు ఏం పోయింది? చవగ్గా వస్తే ఎగబడి కొన్నారన్నావు. చవగ్గా రాకపోతే మాలాంటి వాళ్లం అసలు కొనగలమా? కోపంగా రాయడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.


జవాబు 4 — దస్తావేజు

నేను డాక్యుమెంట్ రైటర్‌ను, గుంటూరు జిల్లా. మీరు రాసిన దాంట్లో ఒక అపోహ ఉంది, అది చాలామందికి ఉంటుంది కాబట్టి చెప్తున్నాను. రిజిస్టర్ అయిందంటే ఆ స్థలం ఇల్లు కట్టడానికి పనికొస్తుందని ప్రభుత్వం చెప్పినట్టు కాదు. ఇద్దరి మధ్య లావాదేవీ జరిగిందని నమోదు చేయడమే రిజిస్ట్రేషన్. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద ఉండే నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉంటేనే ఆపుతారు. వాగు పోరంబోకు ఆ జాబితాలో ఉంటుంది. కానీ దాన్ని ఆనుకుని ఉండే పట్టా భూమి, అంటే వరద వస్తే నీళ్లు పరుచుకునే పల్లపు పొలం, ఉండదు. లేఅవుట్లు వేసేది ఎక్కువగా అక్కడే. చట్టం ప్రకారం ఆ భూమి వాగు కాదు, నీళ్ల ప్రకారం వాగే.

ఇంటి పన్ను కూడా అంతే. కట్టడం ఉంది కాబట్టి పన్ను వేస్తారు, అనుమతి ఉన్నట్టు కాదు. ఇక అనుమతి లేని లేఅవుట్లను డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్ ఉంది. 2020లో రెండు తెలుగు రాష్ట్రాలూ తెచ్చాయి. అంతకు ముందూ వచ్చాయి. కొన్నవాళ్లు రోడ్డున పడకూడదనే ఉద్దేశం మంచిదే. కానీ లేఅవుట్ వేసేవాడు ముందే చెప్తాడు, "ఎప్పుడో ఒకప్పుడు ఎల్ఆర్ఎస్ వస్తుందిలే" అని. నా టేబుల్ దగ్గరే విన్నాను ఆ మాట ఎన్నోసార్లు. అపరాధం కట్టేది కొన్నవాడు. అమ్మినవాడు అప్పటికి ఇంకో ఊళ్లో ఇంకో పొలం చదును చేయిస్తుంటాడు.

కాబట్టి నా లెక్కలో మొదటివాడు అమ్మినవాడు. అతనికి ఆ పొలం ఏ నెలలో మునుగుతుందో తెలుసు, ఎందుకంటే రైతు దగ్గర ఆ కారణం చెప్పే తక్కువకు కొన్నాడు. మీరు చూడగలిగి చూడనిది ఒక్కటే: సర్వే వాళ్ల ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) నకలు, గ్రామ నక్షా. అందులో వాగు గీత ఉంటుంది. కానీ దాన్ని తెచ్చుకోమని మీకు చెప్పాల్సింది నాలాంటి వాడు. మేం స్టాంపుల లెక్క చెప్తాం, ఇది చెప్పం. ఇకనుంచి చెప్తానండి.


జవాబు 5 — నాగాయలంక నుంచి

అక్కా, మాది దివిసీమ. బాధ్యత అన్న మాటకు అర్థం నాకు మా నాన్న చెప్పిన రెండు తేదీల్లో దొరికింది.

ఒకటి 1977 నవంబరు 19. ఉప్పెన. నాన్నకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. తుపాను అని రేడియోలో చెప్పారట. తుపాను మాకు కొత్త కాదు, గాలి వీస్తుంది, పాకలు లేస్తాయి, మళ్లీ కట్టుకుంటాం అనుకున్నారు. సముద్రం లేచి ఊరి మీదికి వస్తుందని ఎవరూ అనుకోలేదు. రమ్మని పిలిచిన బస్సు లేదు, ఎక్కి నిలబడటానికి పక్కా మేడ లేదు. నాన్న తాటిచెట్టు పట్టుకుని రాత్రంతా ఉన్నాడు. మా మేనత్తా, ఆమె ఇద్దరు పిల్లలూ దొరకలేదు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్లు పది వేల దాకా ఉన్నారు.

రెండోది 1990 మే 9. అదే తీరం, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే తీరం దాటింది. అదీ మహా తుపానే. పంటలూ ఇళ్లూ పోయాయి. కానీ చనిపోయినవాళ్లు మొత్తం రాష్ట్రంలో వెయ్యిలోపు. ఒక్క ప్రాణమైనా తక్కువని నేను అనను. కానీ తేడా చూడండి. ఈ మధ్యలో తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టారు. లక్షల మందిని ముందే తరలించారు. నాన్న రానని మొండికేస్తే ఒక కానిస్టేబుల్ చెయ్యి పట్టుకుని లారీ ఎక్కించాడట. బర్రె కోసం ఏడుస్తూ ఎక్కాడు.

1977లో మనుషులు చెడ్డవాళ్లు, 1990లో మంచివాళ్లు అయిపోలేదు కదా. మధ్యలో ఎవరో కూర్చుని, ఏ ఊరికి ఏ మేడ, ఏ లారీ, ఎవరు పిలవాలి అని కాగితం మీద రాశారు. నా దృష్టిలో బాధ్యత అంటే ఆ కాగితం. అది ఉన్న చోట, జరగకపోతే ఎవరిని అడగాలో తెలుస్తుంది. సముద్రానికి మాకు ఆ కాగితం ఉంది. మీ వాగుకు మీ వీధి దాకా వచ్చిన కాగితం ఉందా అన్నది అడగాల్సిన ప్రశ్న. 2005లో వచ్చిన విపత్తుల నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాలో ఆ పనికి అధ్యక్షుడు కలెక్టరే. జిల్లా ప్రణాళిక రాయాలి, ముందస్తు హెచ్చరిక జనానికి చేరేలా చూడాలి. మీ చీరల పోలికలోనే చెప్పాలంటే, బుట్ట ఎవరి చేతికి ఇచ్చారో చట్టంలో రాసి ఉంది అక్కా.


జవాబు 6 — మున్నేరు ఒడ్డు

అదే ఆదివారం మాకు ఖమ్మంలో మున్నేరు వచ్చింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుని సాయంత్రం దాకా హెలికాప్టర్ కోసం ఎదురుచూశారు. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ బండి తీసుకుని వెళ్లి తెచ్చాడు. అతన్ని అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవాలి కూడా. కానీ నాకు ఆ రోజంతా ఒకటే దిగులు, అతను పోయి ఉంటే? అది అతని డ్యూటీ కాదు. డ్యూటీ ఉన్నవాళ్ల పని డ్యూటీ లేనివాడు చేస్తే మనం చప్పట్లు కొట్టి ఊరుకుంటున్నాం. అంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మీ గోడ మీద చార మా గోడ మీదా ఉంది.


జవాబు 7 — కుట్టుమిషన్ అక్క (అడిగినవారు)

అందరికీ దండాలు. రాత్రి మా అమ్మాయి అన్నీ చదివి వినిపించింది. మా ఆయన కూడా కూర్చుని విన్నాడు.

లస్కర్ బాబాయ్ గారూ, మీరు రాసిన చివరి నాలుగు ముక్కలకు నాకు ఏడుపు వచ్చింది. మీ మీద కోపంతో కాదు. మీరు ఆ రోజుల్లో నోరు తెరిచి ఉంటే మీ ఉద్యోగం పోయేదేమో, మీ పిల్లల చదువు ఆగేదేమో. కింద ఉన్నవాడు నిజం చెప్తే వాడి పొట్టే ముందు కొడతారు. అందుకే నేను ఎక్కువ తప్పు పైవాళ్ల దగ్గరే పెడతాను. అయినా మీరు రాశారు. ఇంతవరకు నాకు ఎవరూ "ఇది నా వల్ల జరిగింది" అని చెప్పలేదు. వేరే కాలవ గురించి అయినా సరే, మొదట చెప్పింది మీరు.

దస్తావేజు గారూ, మీరు చెప్పినట్టు ఎఫ్ఎంబీ నకలుకు దరఖాస్తు పెట్టాం. అందులో వాగు గీత మా గోడకు ఎంత దూరంలో ఉందో చూస్తాను. గీత మా ఇంట్లోంచే పోతే ఏం చేస్తామో తెలీదు. అమ్ముకుని పోదామని మా ఆయన అంటాడు. అమ్మితే ఇంకొకరు కొంటారు కదా, వాళ్లకు నీళ్ల సంగతి చెప్పి అమ్మాలి. చెప్తే ఎవరూ కొనరు. చెప్పకుండా అమ్మితే మాకు అమ్మినాయనకూ నాకూ తేడా లేదు. అది మాత్రం చేయను, ఆ మాట ఆయనతో కూడా చెప్పేశాను.

నాగాయలంక తమ్ముడూ, నీ కాగితం మాట మా వీధిలో అందరికీ చెప్పాను. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. పరిహారం గురించి కాదు, ఇంకే దాని గురించీ కాదు, ఒక్కటే రాయించాం: వెలగలేరు షట్టర్లు ఎత్తితే మా వీధికి ఎవరు వచ్చి చెప్తారు, ఎన్ని గంటల ముందు చెప్తారు, ఏ మేడ ఎక్కాలి, ఆ మనిషి ఫోన్ నంబరు ఏమిటి. నిన్న సాయంత్రం మిషన్ ఆపి ఇల్లిల్లూ తిరిగాను. 41 ఇళ్లు సంతకం పెట్టాయి. నాలుగిళ్లవాళ్లు, పేరు బయటికొస్తే ఇల్లు ఆక్రమణ అంటారేమో అని భయపడి పెట్టలేదు. బలవంతం చేయలేదు. పచ్చ పట్టుచీర ఆవిడ మాత్రం మా వీధి కూడా కాదు, విని వచ్చి, మీవాళ్లు కాకపోయినా నా పేరు కూడా రాసుకో అంది. 42వ సంతకం ఆమెది.